ఎగ్జాస్ట్ వాల్వు మూడోసారి కాలిపోయినప్పుడు: హెడ్డులో ఏం కొలవాలి, కంపెనీని ఏం అడగాలి

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట చేరుస్తాను. గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ బండి, కొత్తగా కొన్నది. 14,000 కిలోమీటర్ల దగ్గర ఎగ్జాస్ట్ వాల్వు (మండిన వాయువును బయటికి వదిలే కవాటం) కాలి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నిలవాల్సిన ఒత్తిడి, పోయింది. వారంటీ కింద వాల్వు మార్చి ఇచ్చారు. 23,000 దగ్గర మళ్లీ అదే జరిగింది, మళ్లీ వాల్వు మార్చారు. ఇప్పుడు 29,000 దగ్గర మూడోసారి పోయింది. ఈసారి సర్వీస్ సెంటర్ వారు వాల్వు అనేది అరిగిపోయే భాగమనీ, మీరు పోయించే పెట్రోలు బాగాలేక కార్బన్ పేరుకుందనీ చెప్పి క్లెయిమ్ తిరస్కరించారు. సైలెన్సర్ గానీ ఎయిర్ ఫిల్టర్ గానీ మీరు మార్చలేదు, సర్వీసులన్నీ వారి దగ్గరే చేయించారు. తప్పు బండిదా, మీదా, ఇప్పుడేం చేయాలి అన్నది మీ ప్రశ్న.

ఆ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి వాల్వు 14,000 కిలోమీటర్లు నడిచింది, రెండోది 9,000, మూడోది 6,000. పెట్రోలే కారణమైతే, లేదా మీరు నడిపే తీరే కారణమైతే, మూడింటి ఆయుష్షూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. కొత్త వాల్వు వేసిన ప్రతిసారీ ఆయుష్షు తగ్గుతోందంటే, మార్చకుండా వదిలేసిన భాగమేదో హెడ్డులో (సిలిండర్ పైమూతలో) అంతకంతకూ చెడుతోందని నేను భావిస్తున్నాను. వాల్వు ఇక్కడ దెబ్బతిన్న భాగమే తప్ప దెబ్బతీసిన భాగం కాదు. ఆ దెబ్బతీసిన భాగం ఏమిటో కొలతలతో తేలేవరకు నాలుగో వాల్వు వేయించుకోకండి. కంపెనీతో మీ వాదనకు బలం వచ్చేదీ ఆ కొలతల నుంచే.

ఎగ్జాస్ట్ వాల్వు తల పనిచేసేటప్పుడు సుమారు 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది. ఇన్‌టేక్ వాల్వుకు లోపలికి వచ్చే చల్లని పెట్రోలు, గాలి మిశ్రమం తగులుతూ ఉంటుంది కాబట్టి దాని కష్టం చాలా తక్కువ. ఎగ్జాస్ట్ వాల్వుకు ఆ సౌకర్యం లేదు. మండిన వాయువు దాని మెడ చుట్టూ ఒరుసుకుంటూనే బయటికి పోవాలి. అది అందుకున్న వేడిలో దాదాపు నాలుగింట మూడు వంతులు, వాల్వు మూసుకుని సీటును (అది కూర్చునే వలయాన్ని) తాకి ఉన్న సమయంలో సీటు ద్వారా హెడ్డులోకి దిగుతుంది. మిగిలినది కాడ మీదుగా గైడులోకి (కాడ కదిలే గొట్టంలోకి) పోతుంది. ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్నప్పుడు వాల్వు రెండు చుట్లకు ఒకసారి చొప్పున సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. అంటే ప్రతి విడతకూ 20 మిల్లీసెకన్లు. అందులో అది మూసుకుని ఉండేది పదమూడు మిల్లీసెకన్ల ప్రాంతం. ఆ కాస్త సమయంలోనే, మిల్లీమీటరు వెడల్పున్న ఒక వలయం గుండా వేడంతా దిగిపోవాలి. ఆ వలయంలో ఒక చోట తాకిడి తప్పితే, అక్కడ వేడి దిగే దారి మూసుకుపోవడమే కాక, మంట వేళ అధిక ఒత్తిడిలో ఉన్న వాయువు అదే సందులోంచి దూసుకుపోతూ అంచును కోసేస్తుంది. మొదలైన తరువాత అది ఆగదు. ఈ వేడి సమస్య ఎంత పాతదంటే, విమానాల ఇంజిన్ల కోసం శామ్ హెరాన్ అనే ఇంజనీరు 1920లలోనే కాడను బోలుగా చేసి లోపల సోడియం నింపే పద్ధతిని అభివృద్ధి చేశాడు. 98 డిగ్రీల వద్ద కరిగే సోడియం లోపల కిందికీ పైకీ ఊగుతూ తల నుంచి కాడకు వేడిని మోస్తుంది. సాధారణ మోటార్‌సైకిళ్లలో ఆ ఏర్పాటు ఉండదు, కాబట్టి సీటు తాకిడి మీదే భారమంతా పడుతుంది.

తీసిన వాల్వును మీ చేతిలోకి తీసుకుని చూడడం మొదటి పని. అంచులో ఒకే చోట ఆంగ్ల అక్షరం ‘వీ’ ఆకారంలో కోత ఉండి, మిగిలిన అంచు చాలావరకు బాగానే ఉంటే అది లీకు వల్ల కాలిన వాల్వు. ‘కాలి కంప్రెషన్ పోయింది’ అని మీరు రాసినదానికి సరిపోయేది ఇదే. తల మొత్తం పువ్వులా లోపలికి వంగి ఉంటే లోహం అధిక వేడికి మెత్తబడింది. అప్పుడు మిశ్రమాన్నీ, ఇగ్నిషన్ టైమింగునూ ముందుగా అనుమానించాలి. తల కింద మెడ దగ్గర గానీ, పైన లాక్‌లు కూర్చునే గాడి దగ్గర గానీ విరిగితే అది లోహపు అలసట లేదా సీటు, గైడు ఒకే అక్షంలో లేకపోవడం. కాడ వంగి, పిస్టన్ తల మీద గుర్తు పడి ఉంటే వాల్వు పిస్టన్‌ను తాకింది. ఈ నాలుగూ వేర్వేరు కథలు. జాబ్ కార్డులో ‘వాల్వు పాడైంది, మార్చాము’ అని మాత్రమే రాసి ఉంటే, ఇందులో ఏది జరిగిందో ఎవరూ చూడలేదన్నమాట.

లీకు వల్ల కాలిన వాల్వు విషయంలో ముందుగా అడగవలసింది ట్యాపెట్ సందు గురించి, అంటే వాల్వు కాడ కొనకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఉండే ఖాళీ గురించి. ఎగ్జాస్ట్ వైపు సందు చాలా బండ్లలో 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య, ఇన్‌టేక్ కంటే కాస్త ఎక్కువగా ఇస్తారు. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉన్నదే ప్రమాణం. వాల్వు సీటులోకి కొద్దికొద్దిగా దిగిపోతున్నకొద్దీ కాడ కొన పైకి వస్తుంది, సందు తగ్గుతుంది. సందు పూర్తిగా పోయిన రోజు రాకర్ వాల్వును మూసుకోనివ్వదు, పైన చెప్పిన కోత మొదలవుతుంది. సందు ఎక్కువైతే ట్యాపెట్ చప్పుడు చేసి అందరికీ తెలుస్తుంది. తగ్గితే చప్పుడే ఉండదు. అందుకే ఇంజిన్ నిశ్శబ్దంగా ఉంది కదా అని సంతోషించి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకు) పెట్టకుండా వదిలేసే సర్వీసు వాల్వుకు అన్నిటికన్నా ప్రమాదకరమైనది. చప్పుడు వస్తోందని కస్టమరు ఫిర్యాదు చేసినప్పుడు సందును కొలతకు తక్కువగా బిగించి పంపే అలవాటు కూడా కొన్ని చోట్ల ఉంది. మీ జాబ్ కార్డులన్నీ తీసి, ఏ సర్వీసులోనైనా సందు ఎంత ఉండగా ఎంతకు సరిచేశారో అంకె రాసి ఉందేమో చూడండి. ‘ట్యాపెట్ చెక్’ అన్న చోట టిక్కు మాత్రమే ఉంటే దాన్ని కొలతగా లెక్కించలేము.

కొలిచే పద్ధతిలో కూడా ఒక చిక్కు ఉంది. ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉండాలి, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకు చివర టాప్ డెడ్ సెంటర్‌లో, అంటే అది చేరే అన్నిటికన్నా పై స్థానంలో, ఉండాలి. చాలా సింగిల్ సిలిండర్ బండ్లలో స్టార్టింగు సులభం కావడానికి క్యామ్ షాఫ్ట్ మీద ఆటో డీకంప్రెషర్ ఉంటుంది. తక్కువ వేగంలో ఒక చిన్న పిన్ను కంప్రెషన్ స్ట్రోకులో ఎగ్జాస్ట్ వాల్వును కొంచెం ఎత్తి పట్టుకుంటుంది, వేగం పెరగగానే షాఫ్ట్ మీది చిన్న బరువు విచ్చుకుని పిన్ను తప్పుకుంటుంది. సందు కొలిచే సమయంలో ఆ పిన్ను వాల్వును తాకి ఉంటే అంకె తప్పుగా వస్తుంది. అంతకంటే ముఖ్యమైనది, ఆ బరువు బిగుసుకుపోతే పిన్ను తప్పుకోదు. నడుస్తున్నంతసేపూ ప్రతి కంప్రెషన్ స్ట్రోకులోనూ వాల్వు కొంచెం తెరుచుకుంటుంది. కొత్త వాల్వు ఎంత మంచిదైనా అలాంటి చోట కాలిపోయే ప్రమాదం ఉంటుంది. వాల్వు పదేపదే కాలిన బండిలో డీకంప్రెషర్‌ను విప్పి చూశారా అని అడగండి. హెడ్డు ఎలాగూ విప్పి ఉన్నప్పుడు ఇది కొద్ది నిమిషాల పని, అయినా చాలామంది అటు చూడరు.

ఇక సీటు. మీ విషయంలో నాకు బలమైన అనుమానం ఇక్కడే ఉంది. అల్యూమినియం హెడ్డులో గట్టి లోహపు వలయాన్ని బిగుతుగా దింపి, దాని మీద సాధారణంగా 45 డిగ్రీల కోణంలో సీటు కోస్తారు. ఆ వలయపు లోహం మెత్తగా ఉంటే వాల్వు కొట్టిన ప్రతి దెబ్బకూ కొంత దిగుతుంది. ఒకప్పుడు పెట్రోలులో కలిపిన సీసం సీటు మీద పల్చని పొరగా పడి ఆ దెబ్బను కాచేది; సీసం తీసేయడంతో గట్టి సీట్లు తప్పనిసరి అయ్యాయి. సీసం లేని పెట్రోలుకు మారే ఆ కాలంలో పేరున్న కంపెనీలకూ ఇది తలనొప్పి అయింది. బీఎండబ్ల్యూ వారి గాలితో చల్లబడే బాక్సర్ (రెండు సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉండే) ఇంజిన్లలో 1981–84 నాటి బండ్లకు ఎగ్జాస్ట్ సీటు దిగిపోయి సందు తగ్గిపోవడం ప్రసిద్ధమైన సమస్య. 1985 నుంచి సీటు లోహం మారింది. తయారీ దశలోనే సీటు లోహం ఎంపిక తప్పితే వాహనదారుడు ఏ పెట్రోలు పోసినా, ఎంత జాగ్రత్తగా నడిపినా ఫలితం మారదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను.

సీటు ఒకసారి కాలిన వాయువు కోతకు గురైన తరువాత, దాని మీద కొత్త వాల్వు పెట్టి, గ్రైండింగ్ పేస్టుతో నాలుగు తిప్పులు తిప్పి బిగించడం మరమ్మతు కాదు. పేస్టు బూడిద రంగు గీత చూపిస్తుంది, మెకానిక్‌కు తృప్తి కలుగుతుంది, కానీ సీటు గుండ్రంగా ఉందా, గైడుతో ఒకే కేంద్రంలో ఉందా అన్నది పేస్టుకు తెలియదు. చేయవలసిన క్రమం గైడుతో మొదలవుతుంది. కాడకూ గైడుకూ మధ్య సందు ఎగ్జాస్ట్ వైపు కొత్తలో మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే ఉంటుంది. గైడు అరిగి వాల్వు ఊగుతుంటే అది ప్రతిసారీ సీటు మీద ఒక పక్కకు వాలి కూర్చుంటుంది, పైగా కాడ నుంచి వేడి దిగే దారి కూడా పాడవుతుంది. గైడు సరిగ్గా ఉందని తేలిన తరువాతనే, గైడునే ఆధారంగా చేసుకుని తిరిగే కట్టరుతో సీటు కోయాలి. సీటు వెడల్పు మాన్యువల్ చెప్పినంతే ఉండాలి. అతి సన్నగా ఉంటే వేడి దిగదు, అతి వెడల్పైతే ఒత్తిడి పలచబడి కార్బన్ కింద చిక్కుకుంటుంది. ఆ తరువాత నీలి రంగు పూసి తాకిడి వలయం ఎక్కడా తెగకుండా, వాల్వు ముఖానికి మధ్యలో పడుతోందో లేదో చూడాలి. ప్రత్యేకమైన పూత ఉన్న వాల్వులకు పేస్టు వాడవద్దని కొన్ని మాన్యువళ్లు స్పష్టంగా చెబుతాయి, అది కూడా చదవాలి. స్ప్రింగు పొడవు కొలవడం, సీటు వలయం హెడ్డులో వదులు కాలేదని నిర్ధారించుకోవడం ఈ పనిలో భాగమే.

ఇక పెట్రోలు, కార్బన్ వాదన. ఇందులో నిజం బొత్తిగా లేదని నేను అనను. మిశ్రమంలో పెట్రోలు తగ్గితే ఎగ్జాస్ట్ వేడి పెరగవచ్చు. ఒక కిలో శుద్ధ పెట్రోలు సరిగ్గా మండడానికి 14.7 కిలోల గాలి కావలిస్తే, పది శాతం ఇథనాల్ కలిపినదానికి సుమారు 14.1, ఇరవై శాతానికి సుమారు 13.5 కావాలి, అంటే అంతే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి; కార్బ్యురేటర్ బండి దీన్ని తనంతట తాను సరిచేసుకోలేదు. ఆక్సిజన్ సెన్సరు ఉన్న ఇంజెక్షన్ బండి మామూలు వేగాల్లో చాలావరకు సరిచేసుకుంటుంది. ఇన్‌టేక్ రబ్బరు పగిలి గాలి పీల్చడం, ఇంజెక్టరు మూసుకుపోవడం, పెట్రోలు పంపు ఒత్తిడి తగ్గడం, ఇగ్నిషన్ ఆలస్యంగా పడి మంట వాల్వు తెరిచేదాకా సాగడం, ఇవన్నీ వాల్వును వేడెక్కిస్తాయి. అయితే వీటిలో ఏదైనా జరిగితే దానికి జాడలు ఉంటాయి: ప్లగ్గు తెల్లబడుతుంది, పిస్టన్ తల రంగు మారుతుంది, స్కానర్‌లో ఇంధనపు దిద్దుబాటు అంకెలు ఒక వైపుకు తోసుకుపోయి ఉంటాయి. ఆ జాడలు చూపకుండా ‘పెట్రోలు బాగాలేదు’ అనడం నిర్ధారణ కాదు. సర్వీస్ సెంటర్ నిజంగా అలా భావిస్తే ట్యాంకులోంచి నమూనా తీసి పరీక్షకు పంపి ఉండాలి. అలాగే కార్బన్ మచ్చ సీటు మీద ఇరుక్కుంటే లీకు మొదలవుతుందన్నది నిజమే, కానీ ఆ కార్బన్ ఎక్కడి నుంచి వచ్చింది? గైడు సీలు దాటి దిగిన ఆయిలు మాడి ఏర్పడిన బూడిద కూడా సరిగ్గా అలాగే కనబడుతుంది. రెండుసార్లు హెడ్డు విప్పి శుభ్రం చేసిన వారే మూడోసారి కార్బన్‌ను కారణంగా చూపితే, అంత త్వరగా అది మళ్లీ ఎందుకు పేరుకుందో చెప్పవలసిన బాధ్యత వారిదే.

బండి ఇంకా విప్పకపోతే, విప్పే ముందే ఒక లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. డీకంప్రెషర్ ఉన్న బండిలో మామూలు కంప్రెషన్ గేజు తక్కువ అంకె చూపి తప్పుదారి పట్టించవచ్చు. లీక్‌డౌన్‌లో పిస్టన్‌ను కంప్రెషన్ పైన నిలిపి, ప్లగ్గు రంధ్రం గుండా గాలి ఎక్కించి, ఎంత శాతం పోతోందో, ఎటు పోతోందో చూస్తారు. సైలెన్సర్‌లోంచి బుస వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు, థ్రాటిల్ వైపు వినబడితే ఇన్‌టేక్, ఆయిలు మూత దగ్గర వినబడితే రింగులు. పది శాతం లోపు మంచి ఇంజిన్, ఇరవై దాటితే చూడవలసిన విషయం ఉందన్నది వాడుకలో ఉన్న కొలబద్ద. అంకెను కాగితం మీద రాయించుకోండి, పరీక్ష జరుగుతుండగా వీడియో తీయండి.

ఇప్పుడు వారంటీ సంగతి. వారంటీ కింద చేసే పనికి కంపెనీలు డీలర్లకు సాధారణంగా ముందే నిర్ణయించిన గంటల లెక్కన చెల్లిస్తాయి. వాల్వు మార్చడానికి ఇన్ని గంటలు అని పట్టికలో ఉంటుంది. కారణం వెతకడానికి పట్టే సమయానికి అంత సులభంగా డబ్బు రాదు. మీ బండికి రెండుసార్లు వాల్వు మాత్రమే మార్చడానికి మెకానిక్ చేతకానితనం కంటే ఈ ఏర్పాటే పెద్ద కారణమై ఉంటుందని నేను నమ్ముతున్నాను. అది అర్థం చేసుకోవలసిన పరిస్థితే, కానీ దాని భారం వాహనదారుడి మీద వేయడం అన్యాయం. బండి ఆగిపోయినప్పుడు ఉద్యోగానికి వెళ్లే దారి ఆగిపోయేది ఆయనకే.

అందుచేత సర్వీస్ సెంటర్ కౌంటరు దగ్గర వాదించడం మాని, కంపెనీ కస్టమర్ విభాగానికి రాతపూర్వకంగా రాయండి. కోపం ఒక్క వాక్యంలో కూడా ఉండనక్కరలేదు. మూడు వైఫల్యాలనూ తేదీ, కిలోమీటర్లు, జాబ్ కార్డు సంఖ్యతో చెప్పండి. ఆ తరువాత నాలుగు విషయాలు అడగండి: మొదటి రెండు సార్లు వైఫల్యానికి కారణం ఏమని నమోదు చేశారు, సీటు, గైడు కొలతలు తీశారా, తీస్తే ఎంత, మార్చిన వాల్వు పార్టు నంబరు మొదటిదానితో ఒకటేనా, లేక సవరించినదా, ఇప్పుడు తిరస్కరణకు ఆధారమైన పరీక్ష నివేదిక ఏది. పార్టు నంబరు ప్రశ్నను చిన్నదిగా చూడకండి. కంపెనీ ఒక భాగాన్ని మెరుగుపరిచినప్పుడు నంబరు చివర అంకె గానీ అక్షరం గానీ మారడం సాధారణం. మీ రెండో వాల్వుకు కొత్త నంబరు ఉంటే పాత రూపంలో లోపాన్ని వారు గుర్తించి ఉండవచ్చన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. డీలర్లకు పంపే సాంకేతిక ప్రకటనలు మీ మోడల్ హెడ్డు గురించి ఏవైనా ఉన్నాయా అని కూడా అదే ఉత్తరంలో అడగవచ్చు.

‘అరిగే భాగం’ అన్న మాటకు సమాధానం వారంటీ పుస్తకంలోనే వెతకండి. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, చెయిన్, ప్లగ్గు, ఫిల్టర్లు లాంటివి మినహాయింపుల జాబితాలో పేరుపేరునా ఉంటాయి. ఎగ్జాస్ట్ వాల్వు ఆ జాబితాలో లేకపోతే, దాన్ని అరిగే భాగమని నోటితో చేర్చే అధికారం సర్వీస్ సెంటర్‌కు లేదు. వారంటీ కింద వేసిన భాగానికి విడిగా గడువు ఉందా, లేక అసలు వారంటీతోనే ముగుస్తుందా అన్నది కూడా అక్కడే ఉంటుంది. గడువు దాటిపోయినా మీ ఫిర్యాదు మొదలైంది గడువు లోపలే, అదే లోపం తీరకుండా కొనసాగుతోంది అన్న వాదన బలమైనది. కాబట్టి మూడోదాన్ని కొత్త ఫిర్యాదుగా కాక, మొదటి ఫిర్యాదు పరిష్కారం కాలేదని రాయండి. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో కొత్త వస్తువుకు కనీసం రెండేళ్ల చట్టబద్ధ హామీ ఉంది, కనీసం మొదటి ఏడాదిలో బయటపడిన లోపం కొన్నప్పుడే ఉన్నట్టు భావిస్తారు. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టం ఫలానా బ్రాండు భాగమే వాడాలన్న షరతును సాధారణంగా అనుమతించదు. భారతదేశపు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తయారీదారుడి ఉత్పత్తి బాధ్యతకు ప్రత్యేక అధ్యాయమే ఉంది, ఫిర్యాదు దాఖలుకు రెండేళ్ల గడువు ఉంది. ఏ దేశంలోనైనా గడువు దాటనివ్వడం మాత్రం చేయకండి. ఉత్తరాలు నడుస్తున్నాయన్న భరోసాతో కూర్చుంటే ఆ గడువు ఆగదు.

పాత వాల్వు విషయంలో జాగ్రత్త. వారంటీ కింద మార్చిన భాగం కంపెనీకి తిరిగి వెళ్లడం మామూలే, అది మీ చేతికి రాదు. కానీ ఇప్పుడు క్లెయిమ్ తిరస్కరించి మీ ఖర్చుతో మారుస్తామంటున్నారు కాబట్టి ఈ మూడో వాల్వు మీదే. దాన్ని తుడవకుండా, కార్బన్ గీకకుండా సంచిలో భద్రపరచండి. హెడ్డును బయట ఒక మంచి మెషిన్ షాపులో కొలిపించాలనుకుంటే, విప్పక ముందే కంపెనీకి రాసి వారి ప్రతినిధిని రమ్మని ఆహ్వానించండి. వారు రాకపోయినా పిలిచిన ఉత్తరం మీ దగ్గర ఉంటుంది, ‘బయటివారు విప్పినందువల్ల నిర్ధారించలేము’ అన్న జవాబుకు చోటుండదు.

కంపెనీ చివరికి సద్భావంతో ఉచితంగా మారుస్తామంటే ఒప్పుకోండి, కానీ వాల్వు మాత్రమే అయితే ఒప్పుకోకండి. హెడ్డు మొత్తం మార్చడం, లేదా గైడు, సీటు, వాల్వు, సీలు, స్ప్రింగు కలిపి చేసి కొలతల కాగితం ఇవ్వడం, డీకంప్రెషర్‌ను పరీక్షించడం ఆ మరమ్మతులో ఉండాలి. బండి చేతికి వచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్ల దగ్గర ట్యాపెట్ సందు కొలిపించండి, మళ్లీ మూడు వేల దగ్గర కొలిపించండి, రెండు అంకెలనూ జాబ్ కార్డు మీద రాయించండి. కొత్త సీటు మీద వాల్వు సర్దుకునేటప్పుడు సందు కొద్దిగా తగ్గడం సహజం, అది మొదటి కొలతలో కనబడి అక్కడితో ఆగాలి. రెండో కొలతలో కూడా అదే వేగంతో తగ్గుతుంటే, వాల్వు కాలేదాకా ఆగకుండా ఆ రోజే బండిని ఆపి, ఆ రెండు అంకెలతో కంపెనీకి మళ్లీ రాయండి.